బీజాపూర్ టవర్ కింద చవదార్ చెరువు ప్రశ్న

2016 జనవరి హైదరాబాద్‌లో ఎలా గడిచిందో ఈ పేజీ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 17న రోహిత్ వేముల వెళ్లిపోయాడు. ఆయన చివరి ఉత్తరాన్ని నేను మొదట చదివింది ఫోన్లో, ఫేస్‌బుక్‌లో. అవే వారాల్లో ఆ ఫేస్‌బుక్కే మన దేశంలో ఇంకో పని మీద ఉంది. 'ఫ్రీ బేసిక్స్' పేరుతో పేదలకు ఉచితంగా ఇంటర్నెట్ ఇస్తామని పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు గుప్పించింది. ఉచితమే, కాకపోతే ఆ కంపెనీ పెట్టిన నియమాలకు లోబడిన కొన్ని సైట్లు మాత్రమే. మిగతా ఇంటర్నెట్ కావాలంటే డబ్బు కట్టాలి. దాన్ని వ్యతిరేకిస్తూ మేం కొందరం ట్రాయ్‌కి మెయిళ్లు పంపాం. అప్పుడు హాస్టల్లో ఒక తమ్ముడు నన్ను అడిగాడు: "మీ బీజాపూర్‌లో సిగ్నలే రాదు కదా అన్నా, నీకెందుకు ఈ నెట్ న్యూట్రాలిటీ గొడవ?"

అతను ఎగతాళికి అడగలేదు. నా దగ్గర జవాబు లేదు. పదేళ్లు కావస్తోంది. ఇప్పుడు ఉన్న జవాబు ఇది.

మాది భోపాలపట్నం. హైదరాబాద్ నుంచి వరంగల్, ఏటూరునాగారం మీదుగా గోదావరి దాటి వచ్చే జాతీయ రహదారి 163 మా ఊళ్లోనే ఆగుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో గోండి, దోర్లి. దంతెవాడ నుంచి విడదీసి 2007లో మా జిల్లాను చేశారు. సల్వాజుడుం కాలంలో ఇక్కడి నుంచి పారిపోయిన ఆదివాసులనే ఖమ్మం, వరంగల్ అడవుల్లో 'గుత్తికోయలు' అని పిలవడం మొదలుపెట్టారు. తెలుగు పత్రికల్లో మా జిల్లా పేరు కనపడేది సాధారణంగా ఎన్‌కౌంటర్ వార్తల్లో. మనుషులు అక్కడ ఏం చదువుతారు, ఫారం ఎలా నింపుతారు, ఫోన్లో ఏం చూస్తారు అన్నది ఎవరికీ వార్త కాదు.

నెట్ న్యూట్రాలిటీ అనే మాటను 2003లో టిమ్ వూ అనే అమెరికన్ న్యాయ అధ్యాపకుడు ప్రచారంలోకి తెచ్చాడు. పేరు కొత్తదే గాని సంగతి పాతది. దారి నడిపేవాడు ఆ దారిన పోయేవాళ్లను చూసి ఒకరిని ముందుకు, ఒకరిని వెనక్కి నెట్టకూడదు. మన రైల్వే చట్టం చూడండి. 1989 నాటి చట్టంలో 70వ సెక్షన్ సరుకు రవాణాలో ఫలానా వ్యక్తికో, ఫలానా రకం సరుకుకో అనుచితమైన ప్రాధాన్యం ఇవ్వకూడదని రైల్వేని కట్టడి చేస్తుంది. బొగ్గుకూ ధాన్యానికీ ఈ రక్షణ చట్టంలోనే ఉంది. మన మాటకు, మన పాఠానికి, మన వార్తకు మాత్రం లేదు.

లేదని ఎందుకంటున్నానో చెప్పాలి, ఎందుకంటే భారతదేశంలో నెట్ న్యూట్రాలిటీ గెలిచేసిందనే నమ్మకం విశ్వవిద్యాలయాల్లో బలంగా ఉంది. గెలిచిందేమిటో చూద్దాం. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఒక రెగ్యులేషన్ తెచ్చింది. సైటును బట్టి, యాప్‌ను బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టకూడదంది. తప్పితే రోజుకు 50 వేల రూపాయలు, మొత్తం 50 లక్షలు మించకుండా జరిమానా. ఫ్రీ బేసిక్స్ దానితో పోయింది. కానీ అది ధరల గురించి మాత్రమే. వేగం తగ్గించడం, అడ్డుకోవడం, ఒకరికి ప్రత్యేక దారి వేయడం గురించి ట్రాయ్ 2017 నవంబర్‌లో సిఫారసులు చేసింది. 2018 జూలైలో టెలికాం శాఖ వాటిని ఒప్పుకుంది, సెప్టెంబర్‌లో కంపెనీల లైసెన్సుల్లో షరతుగా చేర్చింది. అప్పట్లో ప్రపంచంలోనే గట్టి నియమాలని పేరొచ్చింది. నిజంగా గట్టివే. అయితే అవి ఉన్న చోటు చూడండి. ఒకటి రెగ్యులేటర్ రాసుకున్న నిబంధన, అవసరమైతే రెండేళ్లకో, అంతకుముందో సమీక్షిస్తామని అందులోనే రాసి ఉంది. రెండోది లైసెన్సు షరతు. లైసెన్సు అనేది ప్రభుత్వానికీ కంపెనీకీ మధ్య ఒప్పందం. ఫోన్ చేతిలో పట్టుకున్న మనిషికి ఆ కాగితంలో చోటు లేదు.

2023 డిసెంబర్‌లో పార్లమెంటు కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం చేసింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో, 138 ఏళ్ల తర్వాత. రాయాలనుకుంటే ఒక్క సెక్షన్ రాయడానికి ఇంతకన్నా మంచి సమయం ఉండదు. రాయలేదు. నెట్ న్యూట్రాలిటీ అన్న మాటే ఆ చట్టంలో లేదు. నెట్‌వర్క్ ఆపేసే అధికారం గురించి మాత్రం శ్రద్ధగా రాశారు.

బాబాసాహెబ్‌ను చదివినవాళ్లకు ఈ కథ ఎక్కడో విన్నట్టుంటుంది. 1923 ఆగస్టులో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే పెట్టిన తీర్మానం నెగ్గింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే చెరువులు, బావులు, ధర్మశాలలు, బడులు, కోర్టులు అంటరానివాళ్లకు కూడా తెరవాలన్నది తీర్మానం. 1924లో మహద్ మున్సిపాలిటీ దాన్ని పాటిస్తూ చవదార్ చెరువు అందరిదీ అని తానూ తీర్మానించింది. కాగితం మీద చెరువు తెరిచే ఉంది. అయినా మనవాళ్లు ఒక్కరూ గుక్కెడు నీళ్లు తాగలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి తాగారు. దెబ్బలు పడ్డాయి. చెరువును 'శుద్ధి' చేశారు. ఆ ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. సవర్ణులు కోర్టుకెక్కారు, డిసెంబర్‌లో తాత్కాలిక ఆంక్ష తెచ్చుకున్నారు. బొంబాయి హైకోర్టులో ఆ వ్యాజ్యం ముగిసింది 1937 మార్చిలో. చెరువు దగ్గరికి వెళ్లడానికి ఒక సాయంత్రం పట్టింది, హక్కు రుజువు కావడానికి పదేళ్లు.

నేను ఈ చరిత్రను అలంకారానికి తేలేదు. తీర్మానాన్ని చేసినవాడే రద్దు చేయగలడు. లైసెన్సు షరతూ అంతే, ఏ శాఖ చేర్చిందో ఆ శాఖే తీసేయగలదు. పార్లమెంటులో చర్చ అక్కర్లేదు, ఓటు అక్కర్లేదు. కొత్త చట్టం కింద పాత లైసెన్సుల స్థానంలో 'ఆథరైజేషన్లు' వస్తాయి. వాటి షరతులు రూల్స్‌లో ఉంటాయి. రూల్స్ మార్చడం ఎంత తేలికో ఎస్సీ, ఎస్టీ స్కాలర్‌షిప్ ఏటేటా పెట్టే విద్యార్థికి తెలుసు. అందుకే మన రాజ్యాంగంలో 15వ అధికరణ రెండో భాగం చెరువులను, బావులను, రోడ్లను, దుకాణాలను పేరు పెట్టి రాసింది. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో దానిమీద ప్రశ్నలొచ్చినప్పుడు 'దుకాణం' అన్న మాటను విస్తృతార్థంలో వాడామని, సేవలందించే ఎవరైనా అందులోకి వస్తారని బాబాసాహెబ్ వివరించారు. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ వివరణను గుర్తు చేసుకుంది కూడా. టెలికాం కంపెనీ నా లెక్కలో దుకాణమే.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనది. 15వ అధికరణ మనుషుల గురించి, డేటా ప్యాకెట్ల గురించి కాదు. ప్యాకెట్‌కు కులం లేదు. నిజమే. ప్యాకెట్‌ను ముందుకు పంపడానికి డబ్బు కట్టగలిగే వాళ్లకు మాత్రం ఉంది. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో 121 మంది న్యూస్‌రూమ్ పెద్దలను లెక్కపెడితే 106 మంది అగ్రకులాలవాళ్లు. దళితులు, ఆదివాసులు ఒక్కరూ లేరు. రేపు వేగానికి ధర పెడితే ఎవరి వీడియో ఆగకుండా ఆడుతుంది, ఎవరిది గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతుంది? 1920లో 'మూక్‌నాయక్' వచ్చినప్పుడు డబ్బు కడతామన్నా ప్రకటన వేయడానికి 'కేసరి' ఒప్పుకోలేదు. తర్వాత వార్తా సంస్థలు ఎవరి చేతుల్లో ఉన్నాయో, మన వార్త విదేశాలకు ఎందుకు చేరదో బాబాసాహెబ్ స్వయంగా రాశారు. అచ్చు యంత్రం సంపాదించుకోవచ్చు. వార్తను మోసుకెళ్లే తీగ ఇంకొకరి చేతిలో ఉంటే యంత్రం ఏం చేస్తుంది?

బీజాపూర్‌కు వస్తాను. 2018 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజున, ప్రధానమంత్రి మా జిల్లాలోని జాంగ్లాకు వచ్చారు. ఆయుష్మాన్ భారత్ కింద దేశంలో మొదటి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్‌ను అక్కడ తెరిచారు. బస్తర్ ఇంటర్నెట్ పథకం మొదటి దశను కూడా ఆ పర్యటనలోనే ప్రారంభించారు. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం సంచార్ క్రాంతి యోజన పేరుతో మహిళలకు, విద్యార్థులకు స్మార్ట్‌ఫోన్లు పంచింది. ప్రభుత్వం మారాక పథకం ఆగిపోయింది. చాలా ఇళ్లలో ఆ ఫోన్ పాటలు వినడానికి, టార్చిలైటుగా పనికొచ్చింది. టవర్ లేదు మరి.

టవర్లు వచ్చిన తీరు కూడా చూడాలి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం నక్సల్ ప్రభావిత ప్రాంతాల్లో 2,343 చోట్ల 2జీని 4జీకి మార్చడానికి 1,884 కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసింది. ఆ ప్రకటనలో ఈ చోట్లను పిలిచిన పేరు 'సెక్యూరిటీ సైట్లు'. బడి దగ్గర, సంత దగ్గర అని కాదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం 'నియద్ నెల్లానార్' పథకం ప్రకటించింది. గోండిలో 'మీ మంచి ఊరు' అని అర్థం. కొత్తగా వేసిన క్యాంపుల చుట్టూ ఐదు కిలోమీటర్లలో ఉన్న ఊళ్లకు రోడ్డు, రేషన్, కరెంటు, మొబైల్ సిగ్నల్. మంచిదే. సిగ్నల్ వస్తే గర్భిణికి అంబులెన్సు వస్తుంది, ఆ మాట తేలిగ్గా తీసుకునే హక్కు నగరంలో కూర్చున్నవాళ్లకు లేదు. కానీ మా దగ్గర సిగ్నల్ క్యాంపు వెనకాల నడిచి వచ్చింది. ఎవరి అవసరానికి వేసిన దారి అది, దానిమీద ముందు ఎవరు పోతారు అని అడగడం సహజం.

బస్తర్‌కు ఈ ప్రశ్న కొత్త కాదు. 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు మార్గం వేశారు. బైలాడిలా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు పోవడానికి. కొండల్ని తొలిచి వేసిన అద్భుతమైన లైను. దానిమీద రోజంతా ఖనిజం బండ్లు నడుస్తాయి, మనుషులెక్కే బండ్లు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. పక్కనే ఉన్న మా జిల్లాకు ఇప్పటికీ రైలు లేదు. రేపు 5జీలో 'స్లైసింగ్' అని, 'ప్రత్యేక సేవలు' అని ఒకే నెట్‌వర్క్‌ను వరుసలుగా కోసి అమ్మే పద్ధతి విస్తరిస్తే బీజాపూర్ టవర్ మీద మొదటి వరుస క్యాంపుకు, రెండోది గనికి, మూడోది డబ్బు కట్టిన వినోద యాప్‌కు పోతుందని నా భయం. భయమే, జరిగిన సంగతి కాదు. కాని కిరండూల్ లైను చూసినవాడికి ఆ భయం ఊరికే రాదు.

అందరికీ ఒకేలా తెరిచిన తీగ ఏం చేయగలదో కూడా బస్తరే చూపించింది. 2010లో శుభ్రాంశు చౌధరి, ఆయన సహచరులు 'సీజీనెట్ స్వర' మొదలుపెట్టారు. ఇంటర్నెట్ అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. మామూలు ఫోన్ నుంచి మిస్డ్ కాల్ ఇస్తే అటునుంచి కాల్ వస్తుంది. గోండిలోనో హిందీలోనో మీ ఊరి సంగతి చెప్పి రికార్డు చేయొచ్చు, ఇతరులు చెప్పింది వినొచ్చు. చేతిపంపు చెడిపోయిందని, ఉపాధి కూలి రాలేదని, టీచరు రావట్లేదని జనం చెప్పారు. ఏ పత్రికలోనూ తమ భాషకు చోటు లేనివాళ్లు విలేకరులయ్యారు. అది ఎందుకు సాధ్యమైంది? కాల్ కాలే. అందులో గోండి మాట్లాడుతున్నారా ఇంగ్లీషా అని ఎక్స్ఛేంజి అడగదు. మంత్రి కాల్ అయినా కూలి కాల్ అయినా అదే దారి. ఇంటర్నెట్‌కు ఈ గుణమే కావాలి.

ముకేశ్ చంద్రాకర్ గురించి రాయకుండా బీజాపూర్‌లో ఇంటర్నెట్ గురించి రాయలేను. 'బస్తర్ జంక్షన్' అనే యూట్యూబ్ చానల్ ఆయనది. పెద్ద చానళ్లకు వార్తలు పంపేవాడు, అవి వేయనివి తన చానల్లో పెట్టేవాడు. 2021 ఏప్రిల్‌లో మావోయిస్టుల చేతికి చిక్కిన కోబ్రా జవాను విడుదలకు మధ్యవర్తులతో కలిసి అడవిలోకి వెళ్లిన విలేకరుల్లో ఆయనొకడు. నేలస్‌నార్ నుంచి గంగలూర్ పోయే రోడ్డు పనిలో అక్రమాలను బయటపెట్టాడు. 2025 జనవరి 1న కనిపించకుండా పోయాడు. 3న బీజాపూర్‌లో ఒక కాంట్రాక్టర్ ఆవరణలో, సెప్టిక్ ట్యాంకులో శవమై దొరికాడు. ప్రధాన నిందితుడైన కాంట్రాక్టర్‌ను పట్టుకున్నది హైదరాబాద్‌లో.

నెట్ న్యూట్రాలిటీ చట్టం ఉంటే ముకేశ్ బతికేవాడని నేను అనను. అలా అనడం అబద్ధం, ఆయనకు అవమానం కూడా. నేను అనేది వేరు. ఆయన గొంతు బాసగూడ నుంచి రాయ్‌పూర్‌కు, ఢిల్లీకి చేరిందంటే ఒక కారణం ఉంది. ఆయన వీడియో చూడటానికి ఖర్చయ్యే డేటా, కోట్ల రూపాయల చానల్ వీడియోకు ఖర్చయ్యే డేటా ఒకే ధర, ఒకే దారి. దాన్ని ఎవరూ దానం చేయలేదు. 2016 నాటి ఆ రెగ్యులేషన్ నిలబెట్టింది. అది రేపు ఉండకపోతే ఇంకో బీజాపూర్ కుర్రాడు కెమెరా పట్టుకుని రోడ్డు దాకా వెళ్తాడు, రోడ్డు తవ్వి చూపిస్తాడు, చూసేవాళ్లు ఉండరు. అతన్ని ఎవరూ చంపాల్సిన పని కూడా ఉండదు.

మన శిబిరంలోనే వినపడే రెండు మాటలకు జవాబు చెప్పాలి. మొదటిది, ఇది సవర్ణ ఇంజనీర్ల ఉద్యమం అన్నది. ఒప్పుకుంటాను. 2015లో ట్రాయ్‌కి పది లక్షలకు పైగా మెయిళ్లు వెళ్లినప్పుడు ఆ ప్రచారం ఇంగ్లీషులో నడిచింది. స్టార్టప్‌ల భవిష్యత్తు గురించి చాలా మాట్లాడింది, ఊరిబయట ఉన్నవాళ్ల గురించి తక్కువ. ఫ్రీ బేసిక్స్ పక్షం ఆ ఖాళీలోకే దూరింది. తిండికి లేనివాడికి బఫే గురించి ఎందుకు చెబుతారు, ఒక ముద్దయినా పెట్టనివ్వండి అన్నట్టు వాదించింది. ఆ ముద్ద రుచి తెలుగువాళ్లకు తెలుసు. 2015 ఫిబ్రవరిలో ఇంటర్నెట్.ఆర్గ్ పేరుతో అది దేశంలో మొదలైన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. తెచ్చింది రిలయన్స్ కమ్యూనికేషన్స్ సిమ్ మీద. 2017 చివరికి ఆ కంపెనీ మొబైల్ వ్యాపారమే మూతపడింది. పేదల ఇంటర్నెట్ అంతా ఆ ఒక్క సిమ్‌కు కట్టేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఆ వాదనకు మన చరిత్రలో పేరుంది. వేరే బావి. పూనా ఒప్పందం తర్వాత గాంధీ అనుచరులు పెట్టిన సంఘానికి 1932 నవంబర్‌లో ఓడ మీద నుంచి బాబాసాహెబ్ ఉత్తరం రాశారు. ఊరి బావిలో నీళ్లు, బడిలో ప్రవేశం, చావడిలో చోటు, బండ్లలో ప్రయాణం, ఈ పౌర హక్కుల కోసం పోరాడండి అని దాని సారం. వాళ్లు ఎంచుకున్నది సేవ. హరిజనులకు వేరే బావి తవ్వించడం సులువు, ఊరి బావి దగ్గర తగువు ఉండదు. వేరే బావిలోనూ నీళ్లుంటాయి, దాహం తీరుతుంది. అందుకే అది ప్రమాదం. బావి తవ్వించినవాడు తాడు తన దగ్గర పెట్టుకుంటాడు.

రెండో మాట బరువైనది, ఒక అధ్యాపక మిత్రుడు అన్నది. అసమానులను సమానంగా చూడటం సమానత్వం కాదని మనమే కదా వాదిస్తాం, రిజర్వేషన్‌కు ఆధారం అదే కదా, మరి ప్యాకెట్ల దగ్గరికి వచ్చేసరికి అన్నిటినీ ఒకేలా చూడాలని ఎందుకంటాం? స్కాలర్‌షిప్ సైటు, అంబేడ్కర్ రచనల సైటు పేద విద్యార్థులకు ఉచితంగా ఇస్తే తప్పేంటి?

చాలా రోజులు ఆలోచించాను. రిజర్వేషన్ మనిషికి ఇస్తాం. గ్రంథాలయంలోకి మన పిల్లవాడు వెళ్లడానికి రుసుము తీసేయమంటాం, ఫెలోషిప్ ఇమ్మంటాం. లోపలికి వెళ్లాక ఈ బీరువాలోవి నీకు ఉచితం, ఆ బీరువాలోవి డబ్బున్నవాళ్లకు అంటే ఒప్పుకుంటామా? ఏ పుస్తకం ఉచితమో నిర్ణయించేవాడి దయమీద బతకమంటే ఒప్పుకుంటామా? ఈ దారి ట్రాయ్‌కీ తెలుసు. 2016 డిసెంబర్‌లో అదే ట్రాయ్ గ్రామీణ వినియోగదారులకు నెలకు 100 ఎంబీ డేటా ఉచితంగా ఇవ్వాలని, ఖర్చు యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ నిధి నుంచి భరించాలని సిఫారసు చేసింది. ఏ సైటయినా సరే, ఏ కంపెనీ సిమ్ అయినా సరే. అది అమలు కాలేదు. కంపెనీల ఆదాయం నుంచి వసూలయ్యే ఆ నిధి పేరు కొత్త చట్టంలో 'డిజిటల్ భారత్ నిధి' అని మారింది. డేటా మనిషికి ఉచితంగా ఇవ్వండి, ఎక్కడికి పోవాలో మనిషి చూసుకుంటాడు. సామాజిక న్యాయానికీ నెట్ న్యూట్రాలిటీకీ ఇక్కడ తగువే లేదు.

నియమాలు పెడితే పెట్టుబడి రాదన్న వాదన మీద ఎక్కువ సమయం పెట్టను. 2016 ఫిబ్రవరిలో నియమం వచ్చింది, సెప్టెంబర్‌లో జియో వచ్చింది, డేటా ధరలు కుప్పకూలాయి. నియమం ఉండగానే దేశం ఫోన్లో ఇంటర్నెట్ నేర్చుకుంది.

చట్టం లేకపోతే ఏమవుతుందో అమెరికా చూపిస్తోంది. 2015లో అక్కడి రెగ్యులేటర్ నెట్ న్యూట్రాలిటీ ఉత్తర్వు ఇచ్చింది. 2017లో ప్రభుత్వం మారాక అదే రెగ్యులేటర్ రద్దు చేసింది. 2024లో మళ్లీ తెచ్చింది. 2025 జనవరి 2న అప్పీలు కోర్టు కొట్టేసింది, ఆ అధికారం చట్టం మీకివ్వలేదంది. పదేళ్లలో నాలుగు మలుపులు, అన్నీ కాంగ్రెస్ ఒక చట్టం చేయకపోవడం వల్లే. చిలీ 2010లోనే చట్టం చేసుకుంది. మన దగ్గర కంపెనీలు కొన్నేళ్లుగా కొత్త పాట అందుకున్నాయి. ఎక్కువ ట్రాఫిక్ తెచ్చే సైట్లు మాకు వాటా కట్టాలంటున్నాయి. పెద్ద విదేశీ కంపెనీలే కదా కట్టేది అనిపిస్తుంది. దక్షిణ కొరియాలో నెట్‌వర్క్ రుసుములు భరించలేక 2024 ఫిబ్రవరిలో ట్విచ్ లాంటి పెద్ద సంస్థే దుకాణం సర్దుకుంది. రేపు ఆ గీత ఎక్కడ గీస్తారో, మీరు ఇప్పుడు చదువుతున్న ఇలాంటి పేజీ ఎటువైపు పడుతుందో ఏ లైసెన్సు చెప్పదు.

చట్టం ఒక్క కంపెనీలనే కట్టేస్తే సగం పనే. ఇప్పటి నియమాల్లో ప్రభుత్వ ఆదేశాలకు మినహాయింపు ఉంది. కశ్మీర్‌లో 2019 ఆగస్టులో ఇంటర్నెట్ ఆపేశారు. 2020 జనవరిలో తిరిగి ఇచ్చినప్పుడు ప్రభుత్వం ఒక జాబితా తయారు చేసింది. మొదట 153 సైట్లు, తర్వాత 301. అవి తప్ప మరేమీ తెరుచుకోకూడదు, అదీ 2జీ వేగంతో. ఫ్రీ బేసిక్స్ ఎంచుకున్న సైట్లు ఇస్తానంటే దేశం తిరగబడింది. నాలుగేళ్ల తర్వాత రాజ్యం అదే పని చేస్తే మనలో చాలామందికి అది నెట్ న్యూట్రాలిటీ ప్రశ్నగా కనిపించనే లేదు. 4జీ తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వులు ప్రచురించాలంది, అవసరానికి తగ్గట్టే ఆంక్షలుండాలంది. జాబితాల ఇంటర్నెట్ చెల్లదని మాత్రం అనలేదు. సెక్యూరిటీ సైట్ల కింద బతికే జిల్లా నుంచి రాస్తున్నాను కాబట్టి నాకు ఈ మినహాయింపే అన్నిటికన్నా ముందు కనిపిస్తుంది.

కాబట్టి కావలసిన సెక్షన్ ఇంత. టెలికమ్యూనికేషన్స్ చట్టంలోనే, రూల్స్‌లో కాకుండా, సమాచారాన్ని దాని యజమానిని బట్టి, విషయాన్ని బట్టి, భాషను బట్టి, కట్టిన డబ్బును బట్టి వేరుగా చూడకూడదని రాయాలి. అది కంపెనీకీ ప్రభుత్వానికీ ఒకేలా వర్తించాలి. అత్యవసర సేవల మినహాయింపు సెక్షన్లోనే స్పష్టంగా ఉండాలి. ఉల్లంఘన జరిగితే వినియోగదారుడే నేరుగా ఫిర్యాదు చేసే హక్కు, అది తన భాషలో చేసే హక్కు ఉండాలి. అక్షరంలో ఉంటేనే హక్కు అని బస్తర్‌లో మా పొరుగువాళ్లకు బాగా తెలుసు. కాగితాల్లో 'మహార్' బదులు 'మహారా', 'మహ్రా' అని పడినందుకు ఎన్నో ఏళ్లు ఎస్సీ ధ్రువపత్రం దొరకని కుటుంబాలున్నాయి. 2023లో పార్లమెంటు ఎస్సీ జాబితాను సవరించి ఆ రెండు పేర్లూ చేర్చేదాకా ఏ అధికారి సానుభూతీ పనికిరాలేదు.

మొన్న వేసవిలో ఇంటికి వెళ్లినప్పుడు చెల్లెలు స్కాలర్‌షిప్ ఫారం నింపుతోంది. పగలంతా చాయిస్ సెంటర్లో లైను. రాత్రి అందరూ పడుకున్నాక డాబా మీద ఫోన్ పట్టుకుని కూర్చుంది. కుల ధ్రువపత్రం ఎక్కింది, మార్కుల జాబితా ఎక్కింది, ఆదాయపత్రం మూడుసార్లు సగంలో ఆగింది. నాలుగోసారి ఎక్కింది. అప్పుడు టైం ఒకటిన్నర. ఆ వేళకు ఊళ్లో వేరే ఎవరూ నెట్ వాడట్లేదు కాబట్టి ఎక్కిందని తను అంది. టవర్ ఇరుకని, అందరూ వరుసలో నిలబడాలని తనకు తెలుసు, ఆ వరుస మీద ఫిర్యాదు లేదు. డబ్బు కట్టి వరుస దాటి ముందుకొచ్చే పద్ధతి ఒకటి ఉండొచ్చని నేను చెబితే చాలాసేపు నా వంక చూసింది.

ట్రాయ్ ఈసారి ఈ విషయం మీద పత్రం విడుదల చేస్తే దానికి వెళ్లే మొదటి మెయిళ్లలో ఒకటి భోపాలపట్నం చాయిస్ సెంటర్ నుంచి వెళ్తుంది. ముసాయిదా మేమిద్దరం తెలుగులో రాశాం. గోండిలోకి మార్చడానికి ఆవపల్లిలో ఒక టీచరమ్మ ఒప్పుకున్నారు.